రాయల ముఖం ఎలా ఉండేది? చారిత్రక వ్యక్తుల రూపాన్ని తేల్చే ఆధారాలు, వాటి హద్దులు

శ్రీకృష్ణదేవరాయల రూపం గురించి సమకాలీనమైన ఆధారాలు ప్రధానంగా రెండు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ రాజును చూసి రాసిన నాలుగు మాటలు ఒకటి. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటాక కనిపించే మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి చేతులు జోడించి నిలుచున్న లోహ విగ్రహం రెండోది. రాయలు వేయించిన బంగారు నాణేలు కూడా దొరుకుతున్నాయి కానీ వాటి మీద బాలకృష్ణుడో ఉమామహేశ్వరులో ఉంటారు తప్ప రాజు ముఖం ఉండదు.

ఉన్న రెండు ఆధారాలూ ఒకే మనిషిని చూపించవు. పాయెస్ చూసిన రాయలు మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, సన్నగా కాక కాస్త ఒళ్లున్న మనిషి. ముఖం మీద స్ఫోటకం మచ్చలున్నాయి. తిరుమల విగ్రహానికి పొడవైన కుళ్ళాయి, నున్నటి చెక్కిళ్లు ఉన్నాయి, మచ్చల జాడ మాత్రం లేదు. ఇక తెలుగువారి మనసుల్లో ఉన్న రాయలు ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’లో, 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఎన్.టి. రామారావు, 1991లో ‘ఆదిత్య 369’లో బాలకృష్ణ వేసిన వేషమే చాలామందికి రాయల రూపం.

పాయెస్‌నూ శిల్పినీ ఎదురెదురుగా నిలబెడితే ఈ సమస్య మొత్తం అర్థమవుతుంది. పాయెస్ రాసింది తన దేశస్థుల కోసం. ఆ రాత రాయల కంట పడేది కాదు. దాని ప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉండిపోగా, రాబర్ట్ సూయల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చాక గానీ మన చరిత్రకారులకు అందలేదు. రాజును పొగడవలసిన అవసరం లేనివాడు మచ్చల గురించి రాశాడంటే నమ్మవచ్చు. శిల్పి పని వేరు. దేవుడి ఎదుట కలకాలం నిలిచి ఉండవలసిన భక్తుణ్ణి అతను పోతపోస్తున్నాడు. అక్కడ రోగపు గుర్తులకు చోటు లేదు. ఆ విగ్రహం ఎవరిదో చెప్పేది ముఖం కాదు, భుజం మీద చెక్కిన పేరు. అతను చేసింది మోసమేమీ కాదు. పోలిక తీసుకురావడం ఆ విగ్రహానికి అప్పగించిన పని కాదు, అంతే.

భారతీయ శిల్పంలో ఈ పద్ధతి చాలా పాతది. మనిషిని గుర్తుపట్టించేది పేరు, కిరీటం, ఆయుధం, వాహనం, నిలుచున్న తీరు. కర్ణాటకలో సన్నతి దగ్గర కనగనహళ్లి స్తూపం తవ్వకాల్లో రాణులతో ఉన్న ఒక రాజు శిల్పం బయటపడింది. దాని మీద బ్రాహ్మీ లిపిలో ‘రాయో అసోకో’ అని ఉంది. అశోకుడి పేరు చెక్కి ఉన్న రూపం దొరకడం పెద్ద విశేషమే. అయితే దాన్ని చెక్కినవాళ్లు అశోకుడు పోయిన తరాల తరువాత పుట్టినవాళ్లు. పేరు నిజం, ముఖం ఊహ. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో తొలి శాతవాహన రాజకుటుంబపు విగ్రహాలు వరసగా ఉండేవి. ఇప్పుడు పైన పేర్లు, కింద పాదాల ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి. మథుర మ్యూజియంలోని కనిష్కుడి విగ్రహానికి బరువైన అంగీ, బూట్లు, కత్తి, శాసనం అన్నీ ఉన్నాయి, తల లేదు. ఆయన గడ్డం ఎలా ఉండేదో బంగారు నాణేలే చెప్పాలి. బుద్ధుడి విషయంలో ప్రశ్న మొదట్లోనే ఆగిపోతుంది. అమరావతి తొలి శిల్పాల్లో ఆయన ఉండవలసిన చోట పాదముద్రలు, ఖాళీ ఆసనం, బోధివృక్షం ఉంటాయి. మానవరూపంలో బుద్ధుణ్ణి చెక్కడం మొదలయ్యేటప్పటికి ఆయన పోయి కొన్ని శతాబ్దాలైంది. అప్పుడు కూడా శిల్పులకు ఆధారం గ్రంథాలు చెప్పిన మహాపురుష లక్షణాలే.

ఈ నేల మీద ముఖం కోసం ముఖాన్ని చెక్కిన తొలి ప్రయత్నాల్లో శాతవాహనుల వెండి నాణేలను చెప్పుకోవాలి. పొరుగున ఉన్న పశ్చిమ క్షత్రపులను చూసి గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి తమ తలబొమ్మతో నాణేలు వేయించారు. చెవిపోగులు, జుట్టు కట్టు, ముక్కు వాలు వేరువేరుగా కనిపించే ఈ చిన్న బిళ్లలు చూస్తే, ఒక్కో రాజును విడిగా చూపించాలనే ఉద్దేశం అచ్చు తయారుచేసినవాడికి ఉందనిపిస్తుంది.

గ్రీకు, రోమన్ ప్రపంచంలో నాణెం మీద పాలకుడి ముఖం మామూలు విషయం. అయినా అక్కడ తగాదాలు తక్కువేమీ కావు. అలెగ్జాండర్ ముఖంగా ప్రపంచానికి బాగా తెలిసిన నాణెం ఆయన వేయించింది కాదు. ఆయన సేనానుల్లో ఒకడైన లిసిమాకస్, క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోయిన పాతికేళ్లకు, తన అధికారానికి దన్నుగా దాన్ని వేయించాడు. తలమీద ఆమ్మన్ దేవుడి పొట్టేలు కొమ్ములు కూడా పెట్టించాడు. క్లియోపాత్రా నాణేల మీద ఆమె ముక్కు వంపు తిరిగి, గడ్డం ముందుకు వచ్చి ఉంటుంది. సినిమాల సుందరిని వెతికేవారికి ఆ నాణేలు నిరాశ కలిగిస్తాయి. అలాగని అవి ఫొటోలూ కావు. తాను టాలెమీ వంశపు వారసురాలినని చాటడానికి తాతతండ్రుల పోలికలను నొక్కి చూపించి ఉండవచ్చు. ఆంటోనీతో కలిసి ఉన్న నాణేల మీద ఇద్దరి ముఖాలూ ఒకదానికొకటి దగ్గరగా జరిగినట్టుంటాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ డెబ్బై అయిదేళ్లు బతికినా విగ్రహాల్లో యువకుడిగానే ఉండిపోయాడు. ఆయన పళ్లు చిన్నవనీ, సందులతో పాడై ఉండేవనీ సూటోనియస్ అనే రచయిత రాసినది మాత్రం ఏ పాలరాతిలోనూ కనిపించదు.

పాలకులు తమ ముఖం మీద అదుపు పెట్టుకోవడానికి మంచి ఉదాహరణ ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్. 1562లో ఆమెకూ స్ఫోటకం పోసింది. తెల్లసీసం కలిసిన పూతలతో ముఖం కప్పుకునేదని ప్రసిద్ధి. ఏ నమూనా చూసి తన బొమ్మ గీయాలో 1563లోనే ప్రభుత్వం ప్రకటన ముసాయిదా సిద్ధం చేసింది. చివరి ఏళ్లలో, అరవై దాటిన రాణికి చిత్రకారులు గీసిన ముఖం ఇరవైల్లోని యువతిది. ఇలాంటిచోట సమకాలీన చిత్రమన్న మాటకు పెద్ద విలువ లేదు. చిత్రకారుడు ఎదుట కూర్చుని గీశాడా, అప్పటికే ఉన్న నమూనా దింపాడా, డబ్బిచ్చింది ఎవరు అన్నవి తేలాలి.

ముఖాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవాలన్న కోరిక భారతదేశంలో బలంగా కనిపించేది మొఘలుల దగ్గర. అక్బర్ తన కొలువులోని వారి రూపచిత్రాలు గీయించి సంపుటంగా కూర్పించాడు. జహంగీర్ మరో అడుగు ముందుకు వేశాడు. 1613లో పర్షియాకు రాయబారిని పంపుతూ షా అబ్బాస్ పోలికను పట్టుకురమ్మని బిషన్‌దాస్ అనే చిత్రకారుణ్ణి వెంట పంపాడు. వాళ్లు తిరిగొచ్చాక, షాను ఎరిగినవారికి ఆ బొమ్మలు చూపించి పోలిక కుదిరిందో లేదో అడిగి మరీ నిర్ధారించుకున్నట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పోలికను సాక్షులతో సరిచూసుకోవడం అప్పటికి అరుదు.

అక్బర్ విషయంలో బొమ్మలకు తోడు మాటలు కూడా ఉన్నాయి. అవి ఒకరి రాత చూసి మరొకరు రాసినవి కావు. తండ్రి గోధుమ ఛాయ, నల్లటి కళ్లు, కనుబొమలు, వెడల్పాటి ఛాతీ, ముక్కుకు ఎడమవైపు సగం బఠాణీ గింజంత పులిపిరి అని జహంగీర్ రాశాడు. కొలువులో గడిపిన జెసూట్ పాదిరీ మోన్సెరాతే కూడా ఎడమ ముక్కుపుటం దగ్గరి పులిపిరిని చెప్పాడు. దానికి తోడు రాజు ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడని, తల కుడి భుజం వైపు వాలి ఉంటుందని కలిపాడు. కొడుకు చెప్పని విషయం పరదేశి చెప్పాడు. ఇద్దరూ చెప్పిన పులిపిరి దాదాపు ఖాయం. ఒక్కరే చెప్పిన కుంటి నడక కూడా నమ్మదగినదే కానీ దాని స్థానం ఒక మెట్టు కింద. చరిత్రకారులు సాక్ష్యాన్ని తూచే తీరు ఇదే.

శివాజీ రూపం కథ గోల్కొండను కలుపుకొని వెళ్తుంది. 1677లో ఆయన హైదరాబాదు వచ్చి గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషాను కలిశాడు. ఆ కాలంలో గోల్కొండ చిత్రకారులు దక్కను, ఉత్తరాది ప్రముఖుల రూపచిత్రాలు వరసగా గీసి సంపుటాలుగా డచ్చివారికీ ఇతర యూరోపియన్లకూ అమ్మేవారు. ఆ సంపుటాల ద్వారా ఆమ్‌స్టర్‌డామ్, లండన్ చేరిన వాటిలో శివాజీ చిత్రాలూ ఉన్నాయి. కోటేరు ముక్కు, మొనదేలిన గడ్డం, పక్కకు తిరిగిన ముఖం వాటన్నిటిలో ఉమ్మడి. 1933లో చరిత్రకారుడు వా.సీ. బెంద్రే ఒక డచ్చి పుస్తకంలోని చిత్రాన్ని వెలికితీసేదాకా మరెవరిదో బొమ్మ శివాజీదిగా చెలామణీలో ఉంది. అయితే సంపుటాల బొమ్మలు అమ్మకానికి తయారైనవి, ఒకదాన్ని చూసి ఒకటి దింపినవి. పది చిత్రాలు ఒకేలా ఉంటే పది సాక్ష్యాలు కావు. మూలం ఒకటే అయితే సాక్ష్యం కూడా ఒకటే.

మాటల వర్ణనకు మరో బలహీనత ఉంది. చూసినవాడికి ఏది వింతగా తోస్తే అదే రాస్తాడు. 1854లో ఝాన్సీ వెళ్లిన న్యాయవాది జాన్ లాంగ్, తెర తొలగిన కొద్ది క్షణాల్లో రాణి లక్ష్మీబాయిని చూసి, గుండ్రటి ముఖం, కాస్త బొద్దైన ఒళ్లు, అందమైన కళ్లు అని రాశాడు. ఒంటి ఛాయ మీద ప్రత్యేకంగా వ్యాఖ్యానించాడు. ఆనాటి ఇంగ్లీషువాడి కొలబద్ద అది. కొందరైతే చెప్పవలసింది అసలు చెప్పరు. మార్కోపోలో మోటుపల్లి రాజ్యపు రాణిని న్యాయశీలి అని మెచ్చుకున్నాడు. గణపతిదేవుడి కూతురైన రుద్రమను ఆయన భార్యగా పొరబడ్డాడు. ఆమె ఎలా ఉండేదో ఒక్క ముక్క రాయలేదు. చూడకుండా గీసినవాడి పరిస్థితి ఇంకో రకం. 1429లో పారిస్ పార్లమెంటు గుమాస్తా తన చిట్టా అంచున జోన్ ఆఫ్ ఆర్క్ బొమ్మ గీశాడు. ఆమె బతికున్నప్పటిదిగా మిగిలిన చిత్రం అదొక్కటే. గీసినవాడు ఆమెను ఎన్నడూ చూడలేదు. మగదుస్తుల్లో, కురచ జుట్టుతో తిరిగిన యువతికి అతను పొడవాటి జుట్టు, గౌను వేశాడు.

ముఖం మీదే ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తే మధ్యలో చిత్రకారుడి ఇష్టానిష్టాలు ఉండవు. 1812లో ఫ్రాంజ్ క్లైన్ బీథోవెన్ బతికుండగా తీసిన అచ్చు అందుకే అమూల్యం. బిగిసిన పెదాలు కోపానికి గుర్తని తరువాతి వారు అనుకున్నారు కానీ, ముఖం మీద తడి ప్లాస్టర్ పడితే ఎవరైనా పెదాలు బిగిస్తారు. 1827లో ఆయన చనిపోయాక తీసిన అచ్చులో ముఖం బాగా మారిపోయి ఉంది. రోగం పీల్చేసింది. పైగా శవపరీక్షలో చెవి దగ్గరి ఎముకలు తీసేశారు. అబ్రహాం లింకన్‌కు 1860లో ఒకటి, 1865లో ఒకటి అచ్చులు తీశారు. నాలుగేళ్ల అంతర్యుద్ధం ఆ మనిషి ముఖాన్ని ఎంత తినేసిందో రెండిటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అసలు ముఖం అంటే ఏ వయసు ముఖం అన్న ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది.

అచ్చు లేనిచోట పుర్రె మిగులుతుంది. పుర్రె మీద ముఖాన్ని మళ్లీ నిలబెట్టే విద్యకు పేరు తెచ్చింది జర్మన్ సంగీతకారుడు బాహ్ ఎముకల వ్యవహారం. 1894లో లైప్‌జిగ్ చర్చి ఆవరణలో ఒక అస్థిపంజరం దొరికింది. అది బాహ్‌దేనా అని తేల్చడానికి శరీర నిర్మాణ శాస్త్రవేత్త విల్హెల్మ్ హిస్, శవాల ముఖాల మీద నిర్ణీత స్థానాల్లో సూది గుచ్చి చర్మం, కండ ఎంత మందం ఉందో కొలిచి సగటు తీశాడు. ఆ కొలతల ప్రకారం శిల్పి జెఫ్నర్ పుర్రె అచ్చు మీద ముఖాన్ని మలిచాడు. అది బాహ్ చిత్రాలను పోలింది కాబట్టి ఎముకలు బాహ్‌వే అన్నారు. చిక్కేమంటే, శిల్పికి ఆ చిత్రాలు ముందే తెలుసు. తెలిసిన ముఖం వైపు చెయ్యి దానంతటదే వెళ్తుంది. 1913లో ఒకే పుర్రె నమూనాను ఇద్దరు శిల్పులకు విడివిడిగా ఇచ్చి చూస్తే ఇద్దరూ వేర్వేరు ముఖాలు చేశారు.

రష్యాలో మిఖాయిల్ గెరాసిమోవ్ సగటు కొలతలకు తోడు కండరాల అమరికను కూడా లెక్కలోకి తెచ్చాడు. 1941 జూన్‌లో సమర్‌కందులో ఆయన ఉన్న బృందం తైమూర్ సమాధి తెరిచినప్పుడు కుడికాలి ఎముకలు దెబ్బతిని ఉండడం కనబడింది. కుంటివాడన్న పాత పేరు నిజమని తేలింది. ఎర్రఛాయ ఉన్న వెంట్రుకలు కూడా కొన్ని మిగిలి ఉన్నాయి. ఎముకలు ఏది బాగా చెబుతాయో ఏది చెప్పవో ఈ విద్యలో స్పష్టమైన తేడా ఉంది. తల ఆకారం, కళ్ల మధ్య దూరం, చెక్కిలి ఎముకలు, దవడ, నుదురు, పలువరస గట్టిగా తెలుస్తాయి. ముక్కు వెడల్పు, పొడవు ఉజ్జాయింపుగా వస్తాయి. ముక్కు కొన, పెదాల నిండుదనం, కనురెప్పలు, చెవులు, ఒంటి కొవ్వు, ముడతలు, జుట్టు దువ్వుకున్న తీరు, వీటి గురించి ఎముక చెప్పేది బహు తక్కువ. దురదృష్టమేమంటే, తెలిసిన మనిషిని మనం గుర్తుపట్టేది చాలావరకు ఈ రెండో జాబితాతోనే. 2005లో టుటన్‌ఖామున్ మమ్మీ సీటీ స్కాన్ల ఆధారంగా ఈజిప్షియన్, ఫ్రెంచ్, అమెరికన్ బృందాలు విడివిడిగా ముఖాలు చేశాయి. అమెరికన్ బృందానికి అది ఎవరి పుర్రో చెప్పలేదు. తల ఆకారం మూడింటిలోనూ కలిసింది. ముక్కు కొన, చెవులు కలవలేదు. ఒంటి రంగు మీద పెద్ద గొడవే జరిగింది.

అన్ని దారులూ ఒకేచోట కలిసిన ఉదంతం ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్‌ది. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో ముప్ఫై రెండేళ్లకే చనిపోయాడు. గెలిచిన ట్యూడర్ల కాలంలో గూనివాడిగా, ఎండిన చెయ్యి ఉన్న దుర్మార్గుడిగా ముద్రపడింది. షేక్స్‌పియర్ నాటకం ఆ రూపాన్ని శాశ్వతం చేసింది. బతికుండగా గీసినట్టు నిరూపణైన చిత్రం ఒక్కటీ మిగల్లేదు. ఉన్నవాటిలో పాతది కూడా ఆయన పోయిన పాతికేళ్ల తరువాతిది. రాజకుటుంబపు సేకరణలో ఉన్న ప్రసిద్ధ చిత్రానికి ఎక్స్-రే తీస్తే, గీసిన తరువాత ఎవరో కుడి భుజాన్ని ఎత్తుగా దిద్దినట్టు తెలిసింది. 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగు కింద, ఒకప్పటి మఠం ఉన్నచోట, అస్థిపంజరం దొరికింది. వెన్నెముక పక్కకు మెలితిరిగి ఉంది. దాంతో ఒక భుజం రెండోదానికన్నా కాస్త ఎత్తుగా ఉండేది కానీ గూని లేదు, ఎండిన చెయ్యీ లేదు. ప్రచారం పూర్తి అబద్ధం కాదు. నిజానికి కొమ్ములు తొడిగారు. పుర్రెకు తగిలిన దెబ్బలు యుద్ధంలో మరణానికి సరిపోయాయి. రాజు అక్క యాన్ సంతతిలో తల్లి వరసన వచ్చిన, అప్పటికి జీవించి ఉన్న ఇద్దరితో మైటోకాండ్రియా డీఎన్‌ఏ కలిసింది.

కరొలైన్ విల్కిన్సన్ నాయకత్వంలో డండీ విశ్వవిద్యాలయం ఆ పుర్రె మీద ముఖం నిర్మించింది. బాహ్ నాటి తప్పు మళ్లీ జరగకుండా ముఖం మలచడానికి చిత్రాలను వాడలేదు. బట్టలకూ జుట్టుకూ మాత్రమే వాటిని ఆశ్రయించారు. మొదట గోధుమరంగు జుట్టు పెట్టారు. 2014 డిసెంబరులో డీఎన్‌ఏ ఫలితాలు వచ్చాయి. కళ్లు నీలం అయ్యే అవకాశం 96 శాతం, జుట్టు, కనీసం చిన్నప్పుడు, లేతబంగారు రంగు అయ్యే అవకాశం 77 శాతం. పెరిగేకొద్దీ అలాంటి జుట్టు ముదరవచ్చు. ముఖానికి మళ్లీ రంగులు వేయవలసి వచ్చింది. లండన్‌లోని సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్‌లో ఉన్న పాత చిత్రం ఈ వివరాలకు అన్నిటికన్నా దగ్గరగా ఉందని పరిశోధకులు గుర్తించారు.

డీఎన్‌ఏ నుంచి ముక్కూ దవడా గీయడం ఇప్పటికీ సాధ్యపడే పని కాదు. కంటి రంగు, జుట్టు రంగు, కొంతవరకు ఒంటి ఛాయ, అవి కూడా శాతాల లెక్కలో చెప్పగలం. దానికన్నా ముందు నమూనా ఎవరిదన్నది తేలాలి. బీథోవెన్‌వని భద్రపరిచిన వెంట్రుకల కుచ్చులు ఎనిమిదింటిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో అయిదు మాత్రమే ఆయనవిగా తేలాయి. అంతకుముందు ఎన్నో పరిశోధనలకు మూలమైన ఒక కుచ్చు స్త్రీది.

ఈ శాస్త్రమంతా రాయల దగ్గరికి వచ్చేసరికి నిస్సహాయమవుతుంది. దహన సంస్కారం ఉన్నచోట పుర్రె మిగలదు, డీఎన్‌ఏ మిగలదు. విజయనగర రాజులు, కాకతీయులు, శాతవాహనుల గురించి కొత్త సాక్ష్యం రావాలంటే అది ప్రయోగశాలలోంచి కాక శాసనంలోంచో, తవ్వకంలో దొరికిన శిల్పంలోంచో, ఏ విదేశీ గ్రంథాలయంలోనో పడి ఉన్న ప్రయాణికుడి రాతలోంచో రావాలి. పాయెస్ మాటలు అలా వచ్చినవే.

ఆధారం లేనిచోటును ఊహ ఊరికే వదలదు. 1980లలో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా నిలిపారు. నన్నయ, మొల్ల, వేమన, రుద్రమ, రాయలు అందరికీ ముఖాలున్నాయి. నన్నయనూ మొల్లనూ చూసి గీసిన బొమ్మ ఏదీ లేదు, వేమనదీ అంతే. శిల్పులు కవిత్వం నుంచి, పాత్ర స్వభావం నుంచి ముఖాన్ని అల్లుకున్నారు. గౌరవచిహ్నంగా అందులో తప్పేమీ లేదు. చిక్కు వచ్చేది ఆ ముఖం పాఠ్యపుస్తకంలోకీ, అక్కణ్ణుంచి క్యాలెండర్‌లోకీ వెళ్లి, కింద ‘ఊహాచిత్రం’ అన్న మాట రాలిపోయినప్పుడు.

కంప్యూటర్ ఈ పనిని ఇంకా సులువు చేసింది. 2020లో రోమన్ చక్రవర్తుల పాలరాతి తలలను కృత్రిమ మేధకు అందించి ఫొటోల్లాంటి ముఖాలు తయారుచేశారు. చర్మరంధ్రాలు, గడ్డం మొలకలు కనిపించేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ స్పష్టత కొత్త సమాచారమేమీ కాదు. శిల్పి రెండు వేల ఏళ్ల కింద చేసిన పొగడ్తకే చర్మం తొడిగింది. రాయలకూ ఇప్పుడు అలాంటి బొమ్మలు తయారుచేయడం నిమిషాల పని. తిరుమల విగ్రహాన్ని ఆధారంగా ఇస్తే నున్నటి చెక్కిళ్లే వస్తాయి. స్ఫోటకం మచ్చలు కావాలంటే పాయెస్‌ను చదివినవాడు అడిగి పెట్టించుకోవాలి.